రన్‌వే మీద ఎర్ర లైటు ఎవరికి కనపడాలి?

(విశాఖ ద్వారకానగర్‌లో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన సభలో, విమానాశ్రయాల లైటింగ్ విభాగంలో పనిచేసి రిటైరైన ఇంజినీరు ఒకరు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో పెద్దలున్నారు, వెనకాల ఇంజినీరింగ్ పిల్లలు నిలబడి ఉన్నారు. బాబూ, ఈ పక్కన కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. అమ్మా, మీరు కూడా. కాస్త సేపు పడుతుంది.

విమాన ప్రమాదం అనగానే మనకి ఏం గుర్తొస్తుంది? ఆకాశం గుర్తొస్తుంది. ఇంజిన్ ఆగిపోవడం, తుపానులో చిక్కుకోవడం, కొండని గుద్దుకోవడం. కానీ రెండు విమానాలు ఢీకొన్న ప్రమాదాల్లో, ఆ మాటకొస్తే మొత్తం విమాన ప్రమాదాల చరిత్రలోనే, ఎక్కువమంది చనిపోయింది ఎక్కడో తెలుసా? నేల మీద. రన్‌వే మీద. 583 మంది. రెండు విమానాల్లోనూ ఏ లోపమూ లేదు. ఇంజిన్లు బాగున్నాయి, బ్రేకులు బాగున్నాయి, పైలట్లు అనుభవం ఉన్నవాళ్లు. అయినా 583 మంది.

1977 మార్చి 27. స్పెయిన్ వాళ్ల కానరీ దీవుల్లో టెనెరిఫ్ అనే దీవి. పక్క దీవిలో ఉన్న పెద్ద విమానాశ్రయంలో బాంబు పేలింది. దాంతో అక్కడికి వెళ్లాల్సిన విమానాలన్నిటినీ ఈ టెనెరిఫ్‌లోని చిన్న విమానాశ్రయానికి మళ్లించారు. ఉన్నది ఒకటే రన్‌వే. రన్‌వేకి విమానాలు నడిచి వెళ్లే పక్క దారిని టాక్సీవే అంటాం, దాని నిండా ఆగిన విమానాలే. అందుకని బయల్దేరే విమానాలు రన్‌వే మీదే నడుచుకుంటూ చివరికి వెళ్లి, అక్కడ వెనక్కి తిరిగి టేకాఫ్ చెయ్యాలి. కేఎల్ఎమ్ అనే డచ్ కంపెనీ వాళ్ల బోయింగ్ 747 అలాగే వెళ్లి తిరిగి నిలబడింది. దాని వెనకాలే పాన్ యామ్ అనే అమెరికా కంపెనీ వాళ్ల 747 అదే రన్‌వే మీద వస్తోంది, మధ్యలో పక్కకి తప్పుకోవాలి. ఇంతలో మబ్బు కిందికి దిగింది. ఆ విమానాశ్రయం ఎత్తు మీద ఉంది, అక్కడ మబ్బు అంటే నేల మీద పొగమంచే. విమానాలకి అనుమతులిచ్చే టవర్‌లో ఉన్నవాళ్లకి రన్‌వే కనపడదు. కేఎల్ఎమ్‌కి పాన్ యామ్ కనపడదు, పాన్ యామ్‌కి కేఎల్ఎమ్ కనపడదు. నేల మీద ఏ విమానం ఎక్కడుందో చూపించే రాడార్ అక్కడ లేదు. రన్‌వే మధ్యలో వెలగాల్సిన సెంటర్‌లైన్ లైట్లు ఆ రోజు పనిచెయ్యట్లేదు. నేను లైట్ల మనిషిని కాబట్టి, ఆ ప్రమాదం దర్యాప్తు రిపోర్టులో ఆ వాక్యం దగ్గర ప్రతిసారీ ఆగిపోతాను.

అప్పుడు వాళ్ల మధ్య మిగిలింది ఏమిటి? ఒక్క రేడియో. ఆ రేడియోలో ఏమైందో చూడండి. కేఎల్ఎమ్ పైలట్ "మేం టేకాఫ్ మీద ఉన్నాం" అన్నట్టుగా ఏదో చెప్పాడు. టవర్ అతను దాన్ని "టేకాఫ్‌కి సిద్ధంగా ఉన్నాం" అని అర్థం చేసుకుని "ఓకే" అన్నాడు, ఒక్క క్షణం ఆగి "టేకాఫ్‌కి ఆగండి, నేను పిలుస్తాను" అన్నాడు. సరిగ్గా అదే క్షణంలో పాన్ యామ్ పైలట్ కంగారుగా "మేమింకా రన్‌వే మీదే ఉన్నాం" అని మైకు నొక్కాడు. ఇద్దరూ ఒకేసారి నొక్కితే ఆ రేడియోలో ఏం వినపడుతుందో తెలుసా? కూత. కీచుమని ఒక కూత. కేఎల్ఎమ్ కాక్‌పిట్‌లో "ఓకే" అన్న మాట వినపడింది, దాని తర్వాత కూత వినపడింది. ఆపగలిగిన రెండు మాటలూ ఆ కూతలో పోయాయి.

ఆ తర్వాత కేఎల్ఎమ్ ఫ్లైట్ ఇంజినీరుకి అనుమానం వచ్చింది. "ఆ పాన్ అమెరికన్ ఇంకా తప్పుకోలేదా?" అని అడిగాడు కూడా. తప్పుకున్నాడులే అన్నారు. విమానం అప్పటికే పరుగులో ఉంది. కేఎల్ఎమ్‌లో ఉన్నవాళ్లు 248 మంది, ఒక్కరు కూడా బతకలేదు. పాన్ యామ్‌లో 61 మంది బయటపడ్డారు.

ఈ కథ మీలో చాలామంది వినే ఉంటారు. అయినా మళ్లీ ఎందుకు చెబుతున్నానంటే, ఇక్కడ నా ప్రశ్న ఒక్కటే. ఆ విమానాన్ని ఆపగలిగే చెయ్యి ఎవరిది? ఇంజిన్ వేగం మార్చే థ్రాటిల్ మీద ఉన్న పైలట్ చెయ్యి. తెలియాల్సిన విషయం ఏమిటి? ముందు ఇంకో విమానం ఉందని. ఆ విషయం ఆ చేతికి చేరడానికి ఎన్ని దారులున్నాయి? ఒకటే దారి, అదీ మాట. మాట సగం వినపడొచ్చు, వేరేగా అర్థం కావొచ్చు, అసలు వినపడకనే పోవచ్చు. ఈ సాయంత్రం నేను చెప్పబోయే లైట్లన్నీ రెండో దారి కోసం పుట్టినవి.

దీనికి విమానాల వాళ్ల భాషలో ఒక మాట ఉంది, రన్‌వే ఇన్‌కర్షన్. విమానం గానీ, జీపు గానీ, మనిషి గానీ, ఉండకూడని సమయంలో రన్‌వే మీద ఉండటం. అంతే. గుద్దుకోనక్కర్లేదు, ఉంటే చాలు అది ఇన్‌కర్షనే.

టెనెరిఫ్‌లో మబ్బు ఉంది కాబట్టి అలా జరిగింది అనుకుంటాం కదా. 1991 ఫిబ్రవరి 1, లాస్ ఏంజెలెస్. సాయంత్రం చీకటి పడింది గానీ మబ్బు లేదు, మంచు లేదు. ఒక చిన్న విమానాన్ని రన్‌వే మీదికి ఎక్కి నిలబడమన్నారు. టవర్‌లో ఉన్న మహిళా కంట్రోలర్‌కి ఒత్తిడి ఎక్కువగా ఉంది. ఆ చిన్న విమానాన్ని ఇంకో చిన్న విమానం అనుకుంది, దిగుతున్న 737కి అదే రన్‌వే మీద దిగడానికి అనుమతి ఇచ్చింది. 35 మంది పోయారు. ఆ రోజు అక్కడి గ్రౌండ్ రాడార్ పనిచెయ్యట్లేదు. 2001 అక్టోబర్ 8న ఇటలీ మిలాన్‌లోని లినాటేలో పొగమంచు, అక్కడా గ్రౌండ్ రాడార్ లేదు. దారి తప్పి రన్‌వే మీదికి వచ్చిన చిన్న జెట్‌ని టేకాఫ్‌లో ఉన్న పెద్ద విమానం గుద్దింది. 118 మంది.

సరే, అయితే గ్రౌండ్ రాడార్ పెట్టేస్తే సరిపోతుంది కదా మాస్టారూ, అని మీరు అడగొచ్చు. అమెరికా వాళ్లు అదే చేశారు. పెద్ద విమానాశ్రయాల్లో నేల మీద కదిలే ప్రతిదాన్నీ చూపించే రాడార్లు పెట్టారు. రెండు విమానాలు ఒకదానికొకటి అడ్డం వస్తుంటే టవర్‌లో అలారం మోగే ఏర్పాటూ చేశారు. బాగుంది. కానీ అలారం ఎవరి దగ్గర మోగుతోంది? టవర్‌లో. బ్రేకు ఎవరి కాలి కింద ఉంది? పైలట్ కాలి కింద.

లెక్క వెయ్యండి. టేకాఫ్ చివర్లో పెద్ద విమానం వేగం 150 నాట్లకి అటూ ఇటూ ఉంటుంది. అంటే గంటకి 280 కిలోమీటర్లు. సెకనుకి 77 మీటర్లు. టవర్‌లో అలారం మోగింది. కంట్రోలర్ తల తిప్పి స్క్రీన్ చూడాలి. ఏ రెండు విమానాలో గుర్తుపట్టాలి. ఎవరిని ఆపాలో నిర్ణయించాలి. మైకు నొక్కాలి, అప్పటికి ఇంకెవరూ మాట్లాడుతూ ఉండకూడదు. విమానం పేరు తప్పు లేకుండా పిలవాలి. పైలట్ విని, అర్థం చేసుకుని, బ్రేకు తొక్కాలి. ఎంత చురుకైన మనిషికైనా అయిదు సెకన్లు అనుకోండి. అయిదు సెకన్లలో ఆ విమానం 385 మీటర్లు వెళ్లిపోయింది.

అమెరికాలో ప్రమాదాల మీద దర్యాప్తు చేసే సంస్థ, ఎన్‌టీఎస్‌బీ, 2000 సంవత్సరంలోనే ఈ మాట గట్టిగా చెప్పింది. హెచ్చరిక నేరుగా కాక్‌పిట్‌లో ఉన్నవాళ్లకి చేరాలి అని. టవర్ చుట్టూ తిరిగి రాకూడదు అని. నాకు తెలిసి ఈ రంగంలో ఇంతకంటే ముఖ్యమైన సిఫార్సు లేదు.

నమ్మకం కుదరకపోతే మొన్నమొన్నటి సంగతి చూడండి. 2024 జనవరి 2, టోక్యో హనేడా. ముందురోజే భూకంపం వచ్చింది, ఆ బాధితులకి సామాన్లు తీసుకెళ్లాల్సిన కోస్ట్ గార్డ్ విమానం రన్‌వే దగ్గర ఆగాల్సింది పోయి లోపలికి వెళ్లి నిలబడింది. "మీరు నంబర్ వన్" అని టవర్ వాళ్లు అంటే, బయల్దేరేవాళ్లలో మొదటి వరస అని ఉద్దేశం. కోస్ట్ గార్డ్ వాళ్లు రన్‌వే మీదికి వెళ్లమన్నారు అనుకున్నారు. దాదాపు 40 సెకన్లు ఆ విమానం అక్కడే ఉంది. వెనక నుంచి జపాన్ ఎయిర్‌లైన్స్ ఏ350 దాని మీద దిగింది. పెద్ద విమానంలో ఉన్న 379 మందినీ మంటల్లోంచి బయటికి తెచ్చారు, అది ఆ సిబ్బంది గొప్పతనం. కోస్ట్ గార్డ్ ఆరుగురిలో అయిదుగురు చనిపోయారు.

ఇప్పుడు నేను చెప్పేది జాగ్రత్తగా వినండి. ఆ టవర్‌లో హెచ్చరిక వచ్చింది. స్క్రీన్ మీద రన్‌వే పసుపు రంగులోకి మారింది, విమానం గుర్తు ఎర్రబడింది. యంత్రం తన పని చేసింది. కంట్రోలర్ గమనించలేదు. ఆయన్ని తప్పుపట్టడానికి చెప్పట్లేదు, ఆయన కళ్లు ఆ క్షణంలో ఇంకో పని మీద ఉన్నాయి. యంత్రానికి తెలిసింది, పైలట్‌కి తెలియలేదు. అదే బాధ.

ఎర్ర లైటు ఎలా పనిచేస్తుంది

ఇప్పుడు లైట్ల దగ్గరికి వద్దాం. మీరు రాత్రిపూట విమానంలో కిటికీ పక్కన కూర్చుంటే రంగులు చూసే ఉంటారు. టాక్సీవే అంచున నీలం, టాక్సీవే మధ్యలో ఆకుపచ్చ, రన్‌వే అంచున తెలుపు. రన్‌వేలోకి ఎక్కే చోట పక్కన రెండు పసుపు లైట్లు ఒకదాని తర్వాత ఒకటి మిణుకుమిణుకుమంటుంటాయి, ఇక్కడి నుంచి రన్‌వే, జాగ్రత్త అని. కొన్ని విమానాశ్రయాల్లో అడ్డంగా ఒక ఎర్ర గీతలాగా లైట్లుంటాయి, వాటిని స్టాప్ బార్ అంటాం. టవర్ వాళ్లు అనుమతి ఇచ్చి స్విచ్ నొక్కితే ఆరిపోతాయి. మంచివే, కానీ స్విచ్ టవర్‌లో ఉంది. హనేడాలో ఆ రోజు ఆ స్టాప్ బార్లు పనుల కోసం ఆపేసి ఉన్నాయి. ఆపకపోయినా, అక్కడ వాటిని చూపు బాగా తగ్గినప్పుడే వేసేవారు.

నేను చెప్పబోయే వాటికి స్విచ్ నొక్కే మనిషి లేడు. రన్‌వే స్టేటస్ లైట్లు అంటారు. అమెరికాలో ఎమ్ఐటీ వాళ్ల లింకన్ లేబొరేటరీలో తయారైన ఆలోచన. 2005లో డాలస్ ఫోర్ట్‌వర్త్‌లో ఒక రన్‌వే మీద పెట్టి చూశారు. ఇప్పుడు అమెరికాలో 20 పెద్ద విమానాశ్రయాల్లో ఉన్నాయి. పారిస్ షార్ల్ ద గాల్‌లో కూడా పెట్టారు.

ఏం చేస్తాయి? ముందు, కళ్లు. మూడు రకాల కళ్లు. ఒకటి గ్రౌండ్ రాడార్, సెకనుకి ఒక చుట్టు తిరుగుతుంది. రెండోది, విమానంలో ట్రాన్స్‌పాండర్ అనే పరికరం పంపే రేడియో సంకేతాన్ని విమానాశ్రయం చుట్టూ ఉన్న చిన్న చిన్న స్టేషన్లు పట్టుకుంటాయి. ఏ స్టేషన్‌కి ఎంత తేడాతో చేరిందో చూసి విమానం ఎక్కడుందో లెక్కకడతాయి. మూడోది, విమానమే తన జీపీఎస్ స్థానాన్ని ప్రసారం చేస్తుంది. ఈ మూడిటినీ కలిపి కంప్యూటర్ ఒక్క చిత్రం తయారుచేస్తుంది. వాన పడితే రాడార్‌కి మసక, ట్రాన్స్‌పాండర్ ఆపేసిన జీపు రెండో కంటికి కనపడదు. అందుకే ఒక కంటి మీద ఆధారపడరు.

తర్వాత లైట్లు. రెండు ముఖ్యమైన రకాలు.

మొదటి రకం రన్‌వేలోకి ఎక్కే దారిలో ఉంటుంది. టాక్సీవే మధ్య గీత వెంట, ఆగాల్సిన గీత దగ్గర మొదలై రన్‌వే వరకూ, నేలలో పాతిన ఎర్ర లైట్లు. స్టాప్ బార్ అడ్డంగా ఉంటుందని చెప్పాను కదా, ఇవి నిలువుగా, విమానం వెళ్లే దారిలోనే ఉంటాయి. అక్కడెక్కడో దూరంగా ఒక విమానం టేకాఫ్ పరుగు మొదలుపెట్టి 30 నాట్లు, అంటే 55 కిలోమీటర్ల వేగం అందుకోగానే, దాని ముందున్న దారులన్నిటి దగ్గరా ఎర్ర లైట్లు వాటంతట అవే వెలుగుతాయి. దిగే విమానమైతే రన్‌వేకి దాదాపు ఒక మైలు దూరంలో ఉండగానే వెలుగుతాయి.

రెండో రకం రన్‌వే మీదే, టేకాఫ్‌కి నిలబడ్డ పైలట్ కళ్ల ముందు ఉంటుంది. మధ్య గీతకి రెండు పక్కలా రెండు ఎర్ర వరసలు, 1,500 అడుగుల పొడవునా. ఇక్కడ ఒక విమానం టేకాఫ్‌కి నిలబడి ఉంది, అక్కడ ముందు ఇంకో విమానమో జీపో రన్‌వే మీదికి వస్తోంది. వెంటనే ఇవి ఎర్రబడతాయి. టవర్ "వెళ్లు" అని ఉన్నా సరే ఎర్రబడతాయి.

ఇప్పుడు మన దేశంలో జరిగింది ఒకటి చెబుతాను. 2023 ఆగస్టు 23, ఢిల్లీ. విస్తారా విమానం ఒకటి అహ్మదాబాద్ నుంచి వచ్చి దిగింది. పార్కింగ్‌కి వెళ్లాలంటే పక్క రన్‌వే దాటాలి. దాటమని అనుమతి ఇచ్చారు. అదే సమయంలో ఆ పక్క రన్‌వే మీద బాగ్‌డోగ్రా వెళ్లే ఇంకో విస్తారా విమానానికి టేకాఫ్ అనుమతి ఇచ్చారు. దాటబోతున్న విమానంలో కెప్టెన్ గమనించి హెచ్చరించారు కాబట్టి రెండోది ఆగింది. ఆవిడ చూశారు కాబట్టి. చూడకపోతే? ఇలాంటి చోటే ఈ రెండు రకాల లైట్లూ కావాలి. దాటబోయేవాళ్ల ముందు మొదటి రకం, టేకాఫ్‌కి నిలబడ్డవాళ్ల ముందు రెండో రకం. ఇద్దరిలో ఎవరో ఒకరికి ఎర్ర లైటు కనపడినా చాలు.

డాలస్‌లో పెట్టాక ఏమైంది అంటారా? పెట్టకముందు నెలలతో పోలిస్తే ఆ రన్‌వే మీద ఇన్‌కర్షన్లు దాదాపు 70 శాతం తగ్గాయని అమెరికా రవాణా శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ రిపోర్టులో రాశారు. ఒక రన్‌వే మీద లెక్క కాబట్టి అంకెలు చిన్నవే. అయినా తక్కువ సంగతి కాదు.

ఆరిన లైటు అనుమతి కాదు

ఇక్కడ ఒక విషయం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. మనం మద్దిలపాలెం జంక్షన్‌లో బండి మీద ఆగామనుకోండి. ఎర్రది ఆరితే పచ్చది వెలుగుతుంది, వెళ్లిపోతాం. రోడ్డు మీద పెరిగిన అలవాటు అది. ఎర్ర లేదంటే వెళ్లొచ్చు అని. రన్‌వే దగ్గర అలా కాదు. ఈ లైట్లలో పచ్చ అనేదే లేదు. ఎర్రగా ఉంటే, టవర్ రమ్మన్నా ఆగాలి. ఎర్ర ఆరిపోతే, టవర్ రమ్మనేదాకా కూడా ఆగాలి. అంటే లైటు ఒక్క మాటే చెబుతుంది, "ప్రమాదం" అని. "ప్రమాదం లేదు" అని ఎప్పుడూ చెప్పదు. చెప్పకూడదు కూడా. ఎందుకు? యంత్రం కళ్లకి కనపడనిది ఏదైనా ఉండొచ్చు. బల్బు పోయి ఉండొచ్చు. వ్యవస్థ మొత్తం ఆపేసి ఉండొచ్చు. ఆరిన లైటుకి అర్థం పెడితే, పాడైన లైటు కూడా అనుమతి ఇచ్చినట్టే అవుతుంది. పైలట్లకి ట్రైనింగ్‌లో ఇది గట్టిగా చెబుతారు. ఎర్ర లైట్లు కనపడితే ఆగి, "ఎర్ర లైట్ల వల్ల ఆగాను" అని టవర్‌కి చెప్పాలి. అప్పుడు టవర్ అతను మళ్లీ ఒకసారి చూసుకుంటాడు. చూశారా, లైటు కంట్రోలర్‌ని తీసేయలేదు. ఆయన చేతిలో ఉన్న అధికారమూ తగ్గించలేదు. ఇంకొక అవకాశం ఇచ్చింది, అంతే.

వెనక ఆ అబ్బాయి చెయ్యెత్తాడు... చివర్లో అడుగుదువు గాని బాబూ, నువ్వేం అడుగుతావో నాకు తెలుసు. ఉత్తినే వెలిగితే ఏం చేస్తారు అని, అవునా? అదే ఇప్పుడు చెప్పబోతున్నాను.

ఈ వ్యవస్థకి అసలు శత్రువు తప్పుడు హెచ్చరిక. రోజుకి నాలుగుసార్లు ఉత్తినే ఎర్రబడితే పైలట్ ఏం చేస్తాడు? మొదటిసారి ఆగుతాడు. రెండోసారి విసుక్కుంటాడు. పదోసారి, "ఇది ఎప్పుడూ ఇంతే" అని ముందుకి వెళ్తాడు. ఆ పదోసారే నిజమైతే? అందుకే దీన్ని తయారుచేసినవాళ్లు ఎక్కువ కష్టం లైటు ఎప్పుడు వెలగాలి అన్నదాని కంటే ఎప్పుడు ఆరాలి అన్నదాని మీద పెట్టారు. చూడండి, ఒక విమానం టేకాఫ్ పరుగులో ఒక దారి ముందు నుంచి వెళ్లబోతోంది. ఆ విమానం ఆ దారి దగ్గరికి చేరడానికి మూడు నాలుగు సెకన్ల ముందే అక్కడ ఎర్ర ఆరిపోతుంది. ఇదేమిటి, విమానం ఇంకా దాటలేదు కదా అంటారేమో. ఆగి ఉన్న విమానం ఇంజిన్ వేగం పెంచి కదిలి రన్‌వే చేరేసరికి పరుగులో ఉన్నది ఎప్పుడో దాటిపోతుంది. కంట్రోలర్లు కూడా అలాగే ముందుచూపుతో అనుమతి ఇస్తారు. ఆ సమయానికి లైటు ఇంకా ఎర్రగా ఉంటే టవర్ మాటకీ లైటుకీ తగువు వచ్చినట్టవుతుంది. దిగిన విమానం విషయంలోనూ అంతే. వేగం 80 నాట్లకి తగ్గగానే, అది త్వరలో చేరబోయే దారుల దగ్గర మాత్రం ఉంచి దూరంగా ఉన్నవన్నీ ఆర్పేస్తుంది. ఇంకా నెమ్మదించి మామూలుగా నడిచే వేగానికి వస్తే మిగిలినవీ ఆరిపోతాయి. పనిచేసే మనుషుల లయ తెలుసుకుని దానికి తగ్గట్టు తయారుచేశారు. నాకు ఇందులో రాడార్ కంటే కూడా ఇదే గొప్పగా అనిపిస్తుంది.

ఇక నా సొంత రంగం. అమ్మా, ఈ కాస్త భాగం కరెంటు గురించి, ఓపిక పట్టండి.

రన్‌వే లైట్లు మన ఇంట్లో లైట్లలాగా ఉండవు. ఇంట్లో ఒక్కొక్క బల్బుకీ 230 వోల్టులు విడిగా వస్తాయి. రన్‌వే మీద వందల లైట్లు ఒకే గొలుసులో ఉంటాయి. ఆ గొలుసంతా ఒకే కరెంటు పారుతుంది, పూర్తి వెలుగులో 6.6 ఆంపియర్లు. దాన్ని నిలకడగా ఉంచే యంత్రాన్ని సీసీఆర్ అంటాం. ఎందుకిలా? మొదటి లైటూ, మూడు కిలోమీటర్ల అవతల ఉన్న చివరి లైటూ ఒకే వెలుగుతో ఉండాలి కాబట్టి. మరి ఒక బల్బు పోతే గొలుసంతా తెగదా? తెగదు. ఒక్కొక్క లైటు కింద గుంతలో ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. బల్బు పోయినా గొలుసు కొనసాగుతుంది.

కానీ ఆ పద్ధతిలో అన్నీ కలిసి వెలుగుతాయి, అన్నీ కలిసి ఆరుతాయి. స్టేటస్ లైట్లకి అది సరిపోదు. ఈ దారి దగ్గర వెలగాలి, పక్క దారి దగ్గర ఆరాలి, అదీ క్షణంలో. అందుకని ఒక్కొక్క లైటు గుంతలో ఒక చిన్న కంట్రోల్ పరికరం పెడతారు, దానికి పవర్ కేబుల్ మీదుగానే ఆజ్ఞ వెళ్తుంది. వినడానికి సులువుగా ఉంది. ఆ గుంతలో ఏముంటుందో తెలుసా? వానాకాలం నీళ్లు. మన విశాఖలో అయితే ఉప్పు గాలి. కనెక్టర్లో చిన్న పగులు ఉంటే చాలు, ఇన్సులేషన్ పడిపోతుంది. ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ పెట్టి చూస్తే అంకె రోజురోజుకీ దిగుతూ కనపడుతుంది. లైటు మీద విమానం టైరు రబ్బరు అంటుకుంటుంది, వెలుగు సగమవుతుంది, దూరం నుంచి చూస్తే వెలుగుతున్నట్టే ఉంటుంది. రాత్రి రన్‌వే ఖాళీ దొరికిన కొద్ది సమయంలో టార్చిలతో మోకాళ్ల మీద కూర్చుని వాటిని తుడిచే మనుషులున్నారు. ఇలాంటి వ్యవస్థ కొంటున్నామని పేపర్లో వస్తే, ఆ తుడిచేవాళ్లు ఎంతమంది, వాళ్లకి రన్‌వే ఎంతసేపు ఇస్తారు అని కూడా అడగండి. ప్రతి ఇంజినీరూ అడగాల్సిన ప్రశ్న ఇది.

మరి మన ఊరి సంగతి? మనం ఇన్నాళ్లూ వాడుకున్న విమానాశ్రయం ఐఎన్ఎస్ డేగా అనే నేవీ వాళ్ల వైమానిక స్థావరంలో ఉంది. అంటే ఒకే రన్‌వే మీద మన ప్రయాణికుల విమానాలు, నేవీ డార్నియర్లు, హెలికాప్టర్లు. టవర్ నేవీ వాళ్లది. ఇన్ని రకాల విమానాలు, ఇన్ని రకాల వేగాలు ఒక చోట కలిసేది సులువైన పని కాదు, వాళ్లు దాన్ని క్రమశిక్షణతో నడుపుతున్నారు. అయితే రద్దీ పెరుగుతోంది. చలికాలం పొద్దున్నే మంచు పట్టే రోజులు మీకు తెలుసు. 2020లో పుణెలో, అదీ ఎయిర్‌ఫోర్స్ వాళ్ల రన్‌వేనే, టేకాఫ్ పరుగులో ఉన్న ఎయిరిండియా విమానం ముందు జీపు కనపడింది. పైలట్ ముందుగానే పైకి లేపేశాడు, తోక నేలకి గీసుకుంది. అందరూ బతికారు. ఉమ్మడి రన్‌వేల దగ్గర విమానాల మీద ఎంత కన్నుంటుందో జీపుల మీదా, ట్రాక్టర్ల మీదా అంత కన్నుండాలి. జీపులకి కూడా ట్రాన్స్‌పాండర్ పెట్టాలి, లేకపోతే పైన చెప్పిన మూడు కళ్లలో రెండు మూసుకున్నట్టే.

ప్రతి ఊరికీ ఈ లైట్లు కావాలని నేను అనట్లేదు. లైట్ల ఖర్చు కంటే వాటి వెనకున్న రాడార్లూ, స్టేషన్లూ, కంప్యూటర్లూ ఎక్కువ ఖర్చు. ఢిల్లీ, ముంబై లాంటి చోట్ల నేల మీద నిఘా వ్యవస్థ ఎలాగూ ఉంది, అక్కడ ముందు పెట్టాలి. నా అభిప్రాయంలో అక్కడ ఆలస్యం చెయ్యడానికి కారణం లేదు.

కానీ ఒక్క మాట. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు గారి పేరుతో 3,800 మీటర్ల రన్‌వేతో విమానాశ్రయం కట్టారు. ఇక ముందు అక్కడ గానీ, రాష్ట్రంలో ఇంకెక్కడ గానీ కొత్త టాక్సీవే వేసినా, ఉన్నదాన్ని పెంచినా, కాంక్రీటు పొయ్యకముందే కింద ఖాళీ పైపులు వెయ్యండి. లైటు కూర్చునే డబ్బాలు దించి మూత పెట్టి వదిలెయ్యండి. అప్పుడు అయ్యే ఖర్చు మొత్తం పనిలో కనపడదు. పదేళ్ల తర్వాత ఇదే పని చెయ్యాలంటే నడుస్తున్న రన్‌వేని రాత్రిళ్లు మూసి, కాంక్రీటు కోసి, కేబుల్ వేసి, మళ్లీ పూడ్చాలి. అలా కోసిన చోట్ల ఎన్ని సంవత్సరాలు నీళ్లు దిగుతాయో పనిచేసినవాళ్లని అడగండి. ఈ సంగతి చెప్పడానికి ఇంజినీర్లు ఉన్నారు గానీ, టెండర్ రాసే రోజున అడిగేవాళ్లు కావాలి. ఇక్కడ కూర్చున్నవాళ్లలో అలాంటి కమిటీల్లో ఉండేవాళ్లు ఇద్దరు ముగ్గురు నాకు కనపడుతున్నారు.

ఇంకొక సంగతి ఇంకా తేలలేదు. ఈ లైట్లు రన్‌వే ఎక్కేవాడికి చెబుతాయి, టేకాఫ్‌కి నిలబడ్డవాడికి చెబుతాయి. దిగుతున్నవాడికి? లాస్ ఏంజెలెస్‌లో, హనేడాలో గుద్దింది దిగుతున్న విమానమే. 2024 జూన్ 8న ముంబైలో ఎయిరిండియా విమానం ఇంకా రన్‌వే మీద పరుగులో ఉండగానే వెనక ఇండిగో విమానం దిగింది, ఆ వీడియో మీరందరూ ఫోన్లలో చూశారు. దిగేవాడికి ఏ వాలులో దిగాలో చూపించే ఎరుపు తెలుపు లైట్లు రన్‌వే పక్కన ఉంటాయి, పాపీ అంటాం. రన్‌వే మీద ఎవరైనా ఉంటే ఆ పాపీ లైట్లనే మిణుకుమిణుకుమనిపించే పద్ధతి అమెరికాలో ప్రయోగం చేశారు. స్టేటస్ లైట్లు వ్యాపించినంతగా అది వ్యాపించలేదు. ఇప్పుడు కాక్‌పిట్‌లోనే గొంతుతో హెచ్చరించే పరికరాలు వస్తున్నాయి. పిల్లల్లారా, మీలో ఎవరైనా ప్రాజెక్టు కోసం చూస్తుంటే ఇక్కడ చెయ్యాల్సింది చాలా ఉంది. ముఖ్యంగా ఖరీదైన రాడార్ లేకుండా, ఒక్క రన్‌వే మీదే నడిచే విమానాశ్రయానికి సరిపోయేది. రన్‌వే ఖాళీగా లేదన్న ఒక్క సంగతి కచ్చితంగా తెలుసుకుని, దిగేవాడి కళ్లకి చేర్చగలిగితే చాలు. కెమెరాలతో చేస్తారా, నేలలో పాతిన సెన్సర్లతో చేస్తారా మీ ఇష్టం. వానలో పనిచెయ్యాలి, ఉప్పు గాలికి పాడవకూడదు, ఉత్తినే వెలగకూడదు. మొదలుపెట్టినవాళ్లు నా దగ్గరికి రండి, గుంతలో ఏముంటుందో నేను చూపిస్తాను.

ఇప్పుడు ప్రశ్నలు. ఆ వెనక చెయ్యెత్తిన అబ్బాయికి ముందు మైకు ఇవ్వండి.